లావు తీగ, సన్న తీగ

27 అక్టోబరు 1946, ఆదివారం, నరసరావుపేట

ఆ కారును ముట్టుకోనని చెప్పేశాను. నాకు పని నేర్పే మెకానిక్కు నాగూర్ వలి అన్న ముఖం మీదే చెప్పేశాను.

మధ్యాహ్నం రెండెడ్ల బండికి మోకులు కట్టి దాన్ని షెడ్డులోకి లాక్కొచ్చారు. పచ్చ రంగు. రెండే సీట్లు. ముందు భాగం మొసలి మూతిలా పొడుగు. పైన కప్పు లేదు, గుడ్డ గొడుగు లాంటిది మడిచి వెనక పెట్టి ఉంది. గుంటూరులో ఇంజనీరుగా చేసిన దొర పందేలకు నడిపిన స్పోర్ట్సు కారట. పన్నెండేళ్ళది. దొర సీమకు ఓడెక్కుతూ అమ్మేసి పోయాడట.

"పోతూ పోతూ కూడా వాడి చెత్త మన నెత్తిన దింపి పోయాడు. దీనికి నేను చాకిరీ చెయ్యను" అన్నాను.

అన్న చేతిలో రెంచి కింద పెట్టలేదు. "సరే, పో. పోయి మీ అయ్యతో పత్తి బేళ్ళు తోలుకో."

పోలేదు. షెడ్డు బయట రాయి మీద కోపంగా కూర్చున్నాను. లోపల అన్న బ్యాటరీ తగిలించి దీపాల మీట నొక్కినట్టున్నాడు. హారను మోగింది! మీట కట్టేస్తే ఆగింది. హారను నొక్కితే అద్దం తుడిచే చెయ్యి గిలగిలా కొట్టుకుంది. బ్రేకు తొక్కితే ఒక దీపం కన్నుకొట్టింది. నేను ఎప్పుడు లేచానో, ఎప్పుడు లోపలికి పోయి డాష్‌బోర్డు కింద తల దూర్చానో నాకు తెలియదు.

"ముట్టుకోనన్నావుగా?" అన్నాడు అన్న.

"ముట్టుకోవడంలేదు. చూస్తున్నాను."

28, సోమవారం

కారు ఎవరిదో తెలిసింది. ఏ జమీందారు కొడుకుదో అనుకుని నేను పొద్దుటి నుంచీ తయారుచేసి పెట్టుకున్న మాటలన్నీ వృథా. జట్కా దిగి వచ్చింది ఆసుపత్రి డాక్టరమ్మ, హైమావతి గారు.

"కారు ముట్టుకోనన్నది ఇతనేనా?" అని అన్నను అడిగింది. అన్న నవ్వి, "మా అంకమ్మరావండీ. చేతులు చానా మంచియ్యి. నోరే కాస్త దురుసు" అన్నాడు.

ఆవిడ నవ్వకుండా నాతోనే మాట్లాడింది. కార్తీక అమావాస్యకు కారెంపూడి తిరునాళ్ళు. నవంబరు 23. కలరా సూదులు వెయ్యడానికి మొదటి రోజే అక్కడ ఉండాలి. రైలు అటు పోదు. పోయినేడు బస్సులో చోటు దొరక్క, బండి కట్టించుకుని, మూడో రోజుకు చేరిందట. తిరునాళ్ళ నుంచి వచ్చిన జనంలో పదకొండుమంది ఆవిడ వార్డులోనే పోయారట.

"అమావాస్య పొద్దున్నే ఈ కారు నన్ను కారెంపూడి చేర్చాలి. చేరుస్తుందా, లేదా?"

"చేరుస్తది" అన్నాను. అన్న నా వైపు చూశాడు. మాట ఇవ్వాల్సింది ఆయన.

ఆవిడ పోయాక ఇంకో సంగతి చెప్పాడు. ముందు నుంచి ఇనుప హ్యాండిలు తిప్పి స్టార్టు చేద్దామంటే ఈ కారు వెనక్కి తంతుందట. కిందటి వేసవిలో తన్నితే ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్లు చేసే చెయ్యి. కాబట్టి స్టార్టరు మీట నొక్కితే ఇంజను పలకాల్సిందే, ఇంకో దారి లేదు.

"ఇంజను నేను చూస్తా. తీగలు నీయి" అన్నాడు అన్న.

తీగలు నావి! మొత్తం!

ఇది దొర కారు కాదు. ప్రజల కారు. ఈ మాట ఎవరూ అనలేదు, నేనే తేల్చుకున్నాను.

2 నవంబరు

నాలుగు రోజులుగా రాయలేదు. రాయడానికి చేతులు ఖాళీ ఉంటేగా.

పాత తీగలన్నీ పీకేశాను. ఒకప్పుడు ఒక్కోదాని మీద ఒక్కో రంగు నూలు అల్లి ఉండేదట. ఇప్పుడన్నీ ఒకటే రంగు, ఎలక రంగు. ఎలకలే కొరికాయి కూడా. డాష్‌బోర్డు వెనక వాటి గూడు దొరికింది, అందులో దొర పందేల చీటీ ఒకటి, మెత్తటి పరుపులాగా చీల్చి పరిచి ఉంది. రాజ్యాలు ఎట్లా పోతాయో ఒక్కసారిగా అర్థమైంది నాకు.

పీకేముందు ప్రతి తీగా ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో షెడ్డు గోడ మీద బొగ్గుతో గీశాను. డైనమో నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి కాయిలుకు, మీట నుంచి దీపాలకు. గోడంతా నిండింది. దూరంగా నిలబడి చూస్తే ఒక దేశం పటంలా ఉంది. ఏ పెద్దమనిషీ పాలించని దేశం.

అన్న పెళ్ళాం జమీలా వదిన మజ్జిగ తెచ్చి, గోడ చూసి, "సున్నం కొట్టి నెల కాలేదురా, నీ చేతులు పడిపోను" అంది.

5

తీగ వచ్చింది. యుద్ధం మిగుల్చుకున్న మిలిటరీ సరుకు, గుంటూరు వేలంలో కొన్నది. చుట్టలు చుట్టలు. అంతా ఒకటే సన్నం, అంతా నలుపు. బజారులో కారు తీగ అనేదే లేదు, మద్రాసులో కూడా లేదట.

అన్నీ నల్లగా ఉంటే రేపు దారిలో ఏదైనా తెగితే డాక్టరమ్మ ఏ తీగ ఏదని వెతుక్కుంటుంది? మధ్యాహ్నమంతా తల పట్టుకు కూర్చున్నాను. సాయంత్రం వదిన అరుగు మీద రవికకు రంగు దారం కుడుతూ ఉంది. దారం!

"వదినా, తీగల మీద దారం చుడతావా? ఒక్కోదానికి ఒక్కో రంగు."

"అన్నీ ఎర్రవే చుట్టమంటావేమోరా, నీ పార్టీ రంగు?"

"కాదు. తొమ్మిది రంగులు కావాలి."

"ఓయబ్బో. అయితే చుడతా."

9, శనివారం

ఇంత ఆనందంగా నా బతుకులో ఎప్పుడూ లేను. రాసి పెట్టుకోవాలి.

పద్ధతి నేనే కనిపెట్టాను. తీగ ఒక కొస కిటికీ ఊచకు కడతాను. రెండో కొస చేత్తో తిప్పే బెజ్జాల మర నోట్లో బిగిస్తాను. నేను మర తిప్పుతుంటే తీగ గిర్రున తిరుగుతుంది. వదిన దారం రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా వెనక్కి నడుస్తుంది. ఆమె నడిచిన మేరా రంగు పుడుతుంది! పసుపు, చిలకాకుపచ్చ, వంగపండు. ఆ పైన వడ్రంగుల లక్క పాలిష్ పూస్తే మెరిసిపోతుంది, తడి అంటదు.

"నిదానంగా తిప్పరా, విప్లవం ఏం పారిపోదు" అంటుంది.

పక్కింటి హలీమక్క కూడా వచ్చి దారం పట్టింది. ఈ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఏ కంపెనీలో ఉంది? దీని మీద ఒక కరపత్రం రాయాలి. తీగలు అయ్యాక.

11

మాచర్లలో బస్సు కూలబడింది. పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. అన్నకు కబురొచ్చింది, వారం పడుతుందట. పోతూ పోతూ షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టాడు. నా చేతిలో!

"దీపాలకీ హారనుకీ ఒంటి తీగ చాలు. డైనమోకి రెండు కలిపి వెయ్యి. స్టార్టరుకి పాత లావు తీగే ఉంచు, దాన్ని ఎలకలు కొరకలా. కొసలు మాత్రం గీకి శుభ్రం చెయ్యి. దాన్ని మిగతావాటితో కలిపి కట్టమాక, విడిగా పోనీ. వింటన్నావా?"

విన్నాను.

12

పాత లావు తీగను బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. బొటనవేలంత ఉంది. పక్కన నా ఎనిమిది రంగుల తీగలు, సన్నగా, ఒక్కలాగా. వాటి మధ్య ఇది, బొజ్జ వేసుకున్న మోతుబరిలా.

ఎందుకు? రాగి ఒకటే. కరెంటు ఒకటే. బ్యాటరీ ఒకటే. ఒకడికి ఇంత, ఒకడికి అంత ఎందుకు? దొర తయారుచేసిన కారు కాబట్టి దొర బుద్ధే దాంట్లోనూ ఉంది. జమీందారు తీగ, కూలి తీగ! పార్టీ వాళ్ళు అణాకు అమ్మిన నా అణా పుస్తకం మళ్ళీ తీసి చదివాను. సమానత్వం అంటే ఒకరోజు పండగ కాదు, ప్రతి పనిలోనూ ఉండాలి అని నేనే అంచున రాసుకున్నాను.

అన్న మంచివాడే, కానీ పాతకాలం మనిషి.

13

పాతసామాన్ల వాడు వస్తే లావు తీగ వాడికి ఇచ్చేశాను. బదులుగా రెండు దారపు రీళ్ళు, నీలం ఒకటి, నారింజ ఒకటి. స్టార్టరు తీగకు నారింజ చుట్టించాను. అందరితో సమానంగా.

15

కట్ట కట్టడం అయిపోయింది. అన్నీ ఒకటిగా, ఒకే కట్టగా, గుడ్డ పేలికతో బిగించి లక్క పూశాను. దీపం తీగ పక్కన స్టార్టరు తీగ, భుజం భుజం కలిపి. ఎంత అందంగా ఉందంటే కారుకు బిగించబుద్ధి కాలేదు. మా అయ్య చూసి పోదామని బేళ్ళ బండి షెడ్డు ముందు ఆపాడు. కట్టను చేత్తో తూచి, "బాగుందిరా. ఇదంతా నువ్వే?" అన్నాడు.

"నేనే."

అయ్య నన్ను ఎప్పుడూ ఏమీ అడగడు. ఇవాళ అడిగాడు.

16

బిగించాను. రేపు పరీక్ష.

17

కాలిపోయింది.

18

మిలిటరీ సరుకు అంతా ఇంతే. యుద్ధం అయిపోయాక కుళ్ళిన సరుకంతా మనకు అంటగట్టారు. సామ్రాజ్యవాదుల తీగ. లేకపోతే బ్యాటరీలో ఏదో దోషం. లక్కలో స్పిరిటు ఎక్కువై ఉంటుంది.

దీపాలు వెలిగాయి. అది నిజం. హారను గర్జించింది. వదిన చప్పట్లు కొట్టింది. స్టార్టరు మీట నొక్కాను. టక్కుమని ఒక్క శబ్దం. తర్వాత డాష్‌బోర్డు కింద నుంచి పొగ. బ్యాటరీ తీగ ఊడబెరకబోతే అరచెయ్యి కాలింది. వదిన ఇసక తెచ్చి చల్లింది. కట్ట మొత్తం లోపల నుంచి కమిలిపోయింది, ఒకదాన్నుంచి ఒకదానికి. తొమ్మిది రంగులూ మళ్ళీ ఒకటే రంగు.

సిద్ధాంతం ప్రకారం నేను చేసింది తప్పు కాదు.

చెయ్యి మంటగా ఉంది. చల్లగా ఉంటుందని సిరా పోశాను.

ఆసుపత్రి కాంపౌండరు వచ్చాడు. కారు పని ఎంతవరకు వచ్చిందో డాక్టరమ్మ కనుక్కోమందట. "అయిపోవచ్చింది" అన్నాను.

ఐదు రోజులు.

19, మంగళవారం

అన్న దిగాడు. షెడ్డులోకి వచ్చీ రాగానే ఆగి గాలి పీల్చాడు. కట్ట విప్పాడు, ఒక్కో తీగా వేలితో తాకుతూ పోయాడు, నారింజ తీగ దగ్గర ఆగాడు. అది బూడిద.

"లావుది యాడుంది?"

చెప్పాను. సిద్ధాంతం కూడా చెప్పాను. గట్టిగానే చెప్పాను, గొంతు అదే పైకి లేచింది. "అందరికీ ఒకటే తీగ ఎందుకు వెయ్యకూడదు? సన్నదానికి ఏం తక్కువ?"

అన్న కోప్పడతాడనుకున్నాను. బల్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"అంకా, మీ అయ్య ఎద్దుని బండికి కట్టే పగ్గం, దూడని గుంజకి కట్టే పలుపు, రెండూ ఒకటేనా?"

"కాదు."

"అంటే దూడకి మర్యాద తక్కువ చేసినట్టా?"

నారింజ తీగ బూడిదను వేళ్ళ మధ్య నలిపాను.

"స్టార్టరు ఒక్క గుక్కలో బ్యాటరీ అంతా తాగుద్ది. దీపం చప్పరిస్తది. ఎవరి దాహం వాళ్ళదిరా. ఎద్దుని పలుపుతో కట్టి, అది తెంచుకుపోయిందని సీమోళ్ళని తిడతన్నావు."

ఇంటికొచ్చి అణా పుస్తకం తీశాను. పన్నెండో పేజీలో ఉంది, ఎవరి అవసరం కొద్దీ వారికి అని. ఆ పేజీ రెండుసార్లు చదివి ఉన్నాను. కింద గీత కూడా గీసి ఉంది. నా గీతే.

తప్పు నాది. రాశాను. ఇప్పుడు చేతిలో నాలుగు రోజులు.

20

పాతసామాన్ల వాడి కోసం సత్తెనపల్లి దాకా పోయి వచ్చాను. రాగి కరిగించేశారట.

లావు తీగ ఊళ్ళో లేదు. గుంటూరులోనూ లేదని బస్సు డ్రైవరు చెప్పాడు. మిగిలింది సన్న తీగే, చుట్టలు చుట్టలు.

అన్నిటికంటే కష్టం వదిన ముఖం చూడటం. పదిరోజులు దారం పట్టింది. అరుగు దగ్గర నిలబడ్డాను.

"ఏందిరా, గుడ్లప్పగించి నిలబడ్డావు?"

"అంతా నా వల్లే పోయింది వదినా. తీగది కాదు తప్పు."

"తెలుసులే. ఆయన చెప్పాడు." ఎడమ చేతి వేళ్ళు చూపించింది, దారం కోసిన గీతలు. "నువ్వు లోకాన్ని సమానం చేసేలోపు నా వేళ్ళు అరిగిపోయేటట్టున్నాయి. లే, మర పట్టుకురా. దారం ఉంది ఇంకా."

21

వదిన చెప్పిన ఉపాయం. నేనూ కాదు, అన్నా కాదు.

పొద్దున అన్న స్టార్టరు తీగ గురించి గొణుక్కుంటుంటే వదిన కూతురికి తల దువ్వుతోంది. "లావు దొరకనప్పుడు సన్నాలే జడెయ్యరాదూ?" అంది, దువ్వెన నోట్లో పెట్టుకునే.

అన్న బీడీ నోట్లోంచి తీశాడు.

మూడు పాయలు. పాయకు తొమ్మిది తీగలు. ఇరవై ఏడు సన్న తీగలు కలిసి ఒక్క లావు! కొసలు వదిన కాలి బొటనవేలికి కట్టుకుని బిగించి అల్లింది. నేను పాయలు అందించాను. "పెళ్ళికూతురికి కూడా ఇంత బిగువుగా వెయ్యలేదురా" అంది. కళాయి పోసే అబ్దుల్ హమీద్ తాత రెండు కొసలకూ ఇత్తడి గొట్టాలు తొడిగి, తగరం కరిగించి పోశాడు. ఆయన బిందెకు పోసినట్టే పోశాడు, ఊదుతూ, తిట్టుకుంటూ. చల్లారాక గోటితో కొట్టి చూసుకుని, "ఇది నా కంటే ఎక్కువ బతుకుద్ది" అన్నాడు.

చేతిలో పట్టుకుంటే పాములాగా బరువుగా ఉంది.

మిగతా తీగలు ఎనిమిది. హలీమక్క, వదిన, వదిన చెల్లెలు జరీనా, ముగ్గురూ మూడు చోట్ల చుడుతున్నారు. నేను పిచ్చివాడిలా మర తిప్పుతున్నాను. రంగులు ఏవి దొరికితే అవి.

22

డైనమోకు రెండు కలిపి వేశాను. దీపాలకు ఒంటిది. జడను విడిగా, ఎవరికీ తగలకుండా, కింది చట్రం వెంట తీసుకుపోయి తోలు ముక్కలతో బిగించాను. అన్న ప్రతి బిగింపూ లాగి చూశాడు. మూడు వదులున్నాయి. మళ్ళీ బిగించాను. మళ్ళీ చూశాడు.

సాయంత్రం పొద్దు ఇంకా ఉండగా మీట నొక్కమన్నాడు. "నువ్వు నొక్కు" అన్నాను.

"నువ్వే కాల్చావు. నువ్వే నొక్కు."

నొక్కాను.

ఇంజను తిరిగింది! ఒక్కసారి దగ్గి, రెండోసారి ఉరిమి, మూడోసారి షెడ్డు రేకులన్నీ గలగలలాడాయి! వదిన చెవులు మూసుకుని నవ్వుతోంది. నేను ఏం అరిచానో గుర్తులేదు. ఏదో నినాదమే అయి ఉంటుంది, జరీనా రాత్రి దాకా నన్ను ఎగతాళి చేసింది.

23 నవంబరు, అమావాస్య, కారెంపూడి

బండి చక్రానికి ఆనుకుని రాస్తున్నాను. దస్తూరీ ఎట్లా ఉన్నా సరే, ఇవాళే రాయాలి.

తెల్లారుతుండగా డాక్టరమ్మ సూదిమందు పెట్టెతో వచ్చింది. కారు చుట్టూ తిరిగింది. దీపాలు చూసింది, హారను చూసింది. ఆ తర్వాత డాష్‌బోర్డు చెక్క కింద వేలు పెట్టి తుడిచింది. వేలికి మసి.

"ఇక్కడ కాలింది."

"నా పొరపాటేనమ్మా" అన్నాడు అన్న వెంటనే. "నేను దగ్గరుండి చూసుకోలా. మళ్ళీ అంతా కొత్తగా వేశాం."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. పెట్టె సీటులో పెట్టబోతోంది. అంతటితో అయిపోయేది. అన్న నా వైపు చూడనే లేదు. ఆయన చూడకపోవడమే నన్ను కోసేసింది.

"ఆయన ఊళ్ళో లేడు. ఆయన చెప్పింది వినకుండా అన్నీ సన్న తీగలే వేసి నేను కాల్చాను. కాంపౌండరుకి అబద్ధం చెప్పింది కూడా నేనే" అన్నాను. ఎప్పుడూ కేకలు వేసే గొంతు, ఇవాళ నాకే వినపడలేదు.

డాక్టరమ్మ నా ముఖం చూడలేదు. నేను వెనక పెట్టుకున్న చెయ్యి ముందుకు లాగి అరచెయ్యి విప్పింది.

"ఇదేమిటి నీలంగా?"

"సిరా."

"కాలినచోట సిరా పోసిన తెలివిగలవాడా కారుకు తీగలు వేసింది?"

వదిన గుమ్మం వెనక నుంచి కిసుక్కున నవ్వింది. అన్న తల గోక్కున్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆవిడ అక్కడే నిలబెట్టి చెయ్యి కడిగి, మందు రాసి, కట్టు కట్టింది. కట్టి, పెట్టె తీసి నా రెండో చేతికిచ్చింది.

"ఎక్కు."

"నేనా? వలీ అన్న కదా..."

"వలీకి పనుంది. దారిలో మళ్ళీ కాలితే ఎవరికి ముందు తెలుస్తుంది? ఒకసారి కాల్చినవాడికే. ఆ వాసన నీ ముక్కులో ఇంకా ఉంటుంది."

ఎక్కాను. ఆవిడ మీట నొక్కింది. పలికింది.

దుమ్ము, గాలి, కళ్ళనిండా నీళ్ళు. అంత వేగం ఉంటుందని నాకు తెలియదు. నెకరికల్లు దాటాక కాలిన వాసన కొట్టింది. "ఆపండి!" అని అరిచాను. ఆవిడ ఆపింది. ముందు మూత ఎత్తి జడ పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. కట్ట చూశాను, చల్లగా ఉంది. రోడ్డు పక్క చేలో ఎవరో కంప తగలబెడుతున్నారు. నవ్వుతుందనుకున్నాను.

"మంచిది. ఇట్లాగే ఆపించు" అంది.

జనం ఇంకా పూర్తిగా దిగకముందే చేరాము. నాగులేరు ఒడ్డున ఒక్కో ఊరి బళ్ళు ఒక్కోచోట విడిశాయి. ఆవిడ కూర్చుని జనం కోసం చూడదు, తానే బళ్ళ దగ్గరికి పోతుంది. ఒక చోట ఆగడం, సూదులు, మళ్ళీ కారెక్కడం, ఇంకో చోటు. మొదటి చోట ఎవరూ రాలేదు. ఒక ముసలామె, "సూదేసుకుంటే చెయ్యి పడిపోద్దంట గదా!" అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. సూదంటే నాకు చచ్చేంత భయం, అది ఈ డైరీలో కూడా ఎప్పుడూ రాయలేదు. చొక్కా పైకి లాగాను. కళ్ళు మూసుకోలేదు. దాదాపు మూసుకోలేదు. తర్వాత ముసలామె వచ్చింది, ఆమె వెనక ఆమె కోడళ్ళు, ఆ వెనక బండంతా.

నాలుగు వందల పన్నెండు సూదులు. పద్నాలుగు చోట్ల ఆగాము. పద్నాలుగుసార్లు ఇంజను ఆపి మళ్ళీ పిలిచాము. ప్రతిసారీ ఆవిడ మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా, నా వైపు చూసింది. ప్రతిసారీ నేను లోతుగా గాలి పీల్చాను. దుమ్ము, పేడ, పెట్రోలు, ఎవరి పొయ్యి మీదో జొన్నన్నం. తల ఊపాను.

అప్పుడు నొక్కింది.